ప్రోబ్ అకారణంగా వెలిగినా, ఆరినా: సమస్య - పరిష్కారం

వాపు ఉన్నచోట న్యూట్రోఫిల్ కణాలు ఎలాస్టేజ్ అనే ఎంజైమును వదులుతాయి. దాన్ని పట్టిచూపే మన ప్రోబ్ అంటే ఒక పెప్టైడ్ (పొట్టి ప్రోటీన్) ముక్క, దానికి కట్టిన రంగు అణువు. ఎలాస్టేజ్ ఆ ముక్కను కోస్తేనే రంగు వెలగాలి. చిక్కులన్నీ ఆ ‘కోస్తేనే’ దగ్గరే.

సమస్య: ఎంజైమ్ వేయకముందే వెలుగు.
శుద్ధిలో విడి రంగు మిగిలిపోయి ఉంటుంది, లేదా రంగును ఎస్టర్ బంధంతో కట్టి ఉంటారు. ఎస్టర్ నీళ్లలోనే మెల్లగా విడిపోతుంది. సీరంలోని ఎస్టరేజులైతే (ఎస్టర్లను తెంచే ఎంజైములు) చకచకా తెంచేస్తాయి. అమైడ్ బంధానికి మారండి. ప్రోబును కరిగించి ఉంచే ద్రావణి డీఎంఎస్ఓ తేమను పీల్చుకుంటుంది కాబట్టి, మన గుంటూరు వానాకాలపు ఉక్కలో సీసా మూత తీసి కబుర్లు పెట్టుకోవద్దు.

సమస్య: ఎంజైమ్ వేసినా చీకటే.
బజారులో దొరికే సబ్‌స్ట్రేట్‌తో (ఎంజైమ్ కోసే పదార్థం) ముందు ఎంజైమునే పరీక్షించండి. అదీ వెలగకపోతే బఫరును అనుమానించాలి: ఇలాంటి ప్రోబులతోనే చూసే వేరే ఎంజైములలో కెథెప్సిన్ బికి కాస్త ఆమ్లగుణం, డీటీటీ అనే రసాయనం కావాలి, ఎంఎంపీలకు ఈడీటీఏ అనే రసాయనం గిట్టదు, అది వాటి జింకును, కాల్షియంను లాగేసుకుంటుంది. ఎంజైమ్ బాగానే ఉంటే తప్పు మన డిజైనుదే. లావుపాటి రంగు అణువు కోత చోటును ఆనుకొని అడ్డు పడుతోంది. మధ్యలో పారా-అమైనోబెంజైల్ ఆల్కహాల్ ముక్క పెట్టండి. కోత పడగానే అది తనంతట తానే ఊడిపోయి రంగును విడిచిపెడుతుంది.

సమస్య: వెలిగింది, కానీ కోసింది ఎవరు?
న్యూట్రోఫిల్‌లోని మరో ఎంజైమ్ ప్రోటీనేజ్-3 కూడా దాదాపు ఇవే ముక్కలను కోస్తుంది. సివెలెస్టాట్ అనే మందుతో ఎలాస్టేజును ఆపి చూడండి. అప్పటికీ వెలిగితే దొంగ వేరే ఉన్నాడు.

సమస్య: పసుపు సారం వేయగానే వెలుగు పడిపోయింది.
దీనికి మేమే మోసపోయాం. దుగ్గిరాల పసుపు కొమ్ములు దంచి ఆల్కహాలులో సారం తీశాం. పరీక్ష పళ్లెంలోని ఒక్కో గుంటలో సారం పెంచేకొద్దీ వెలుగు తగ్గుతూ వచ్చింది. ఎంజైమును పసుపు ఆపేసిందని మిఠాయిలు కూడా పంచాం. మర్నాడు మా జూనియర్ ఎంజైమే లేని గుంటలో, మా ప్రోబులో వాడిన ఏఎంసీ రంగును విడిగా పోసి, అందులో అదే సారం వేసింది. అక్కడా వెలుగు తగ్గింది! ఏఎంసీకి 380 నానోమీటర్ల కాంతి ఇచ్చి 460 దగ్గర చదువుతాం. పసుపులోని కర్క్యుమిన్ 425 ప్రాంతంలో కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది; ఇచ్చేదాన్నీ, వచ్చేదాన్నీ రెండింటినీ మింగుతుంది. క్రెసిల్ వయొలెట్ లాంటి, 600 దాటాక వెలిగే రంగుకు మారాం.

రంగు మార్చినా విడి రంగు పరీక్ష మాత్రం మానలేదు. రేపు ఎవరో ఒకరు మిర్చి యార్డు నుంచి ఎండుమిరప సారం తెస్తారు; ఆ ఎరుపు కూడా కాంతిని మింగే రకమే.