లోపలి కొలతలు – 4వ పాఠం: ముగ్గు పోసి, కూర్చుని చూడండి

పోయిన పాఠంలో మీ గదిని అడుగుకు అర అంగుళం లెక్కన కాగితం మీద గీసి పెట్టుకోమన్నాను. గీశారనే అనుకుంటున్నా. ఇప్పుడు ఆ కాగితం ముందు పెట్టుకుని రెండు సంగతులు సరిచూసుకోండి. తలుపు ఎటు తెరుచుకుంటుందో గీత పెట్టారా? కొలతలు గోడ లోపలి నుంచి తీశారా, బయటి నుంచా?

రెండోదాన్ని తేలిగ్గా తీసుకుని నేను డబ్బు పోగొట్టుకున్నాను. ఇళ్ల లోపల సామాను అమర్చే ఈ పనిలోకి వచ్చిన కొత్తలో అనంతపురంలో ఒకరింటికి పుస్తకాల అల్మరా చేయించాను. "పన్నెండు అడుగుల గది సార్" అన్నాడు మేస్త్రీ. నేను టేపు జేబులోంచి తీయనే లేదు. ఆయన చెప్పింది గోడలతో కలిపి. తొమ్మిది అంగుళాల గోడ అటొకటి ఇటొకటి పోతే లోపల మిగిలేది పదిన్నర అడుగులే. ప్లాస్టరింగ్ మరో అంగుళం తింటుంది. పదకొండున్నర అడుగుల అల్మరా ఆటోట్రాలీలో వచ్చి, లోపలికి పోలేక రెండు రోజులు వాకిట్లో నిలబడింది. వీధి పిల్లలు దాంట్లో దాగుడుమూతలు ఆడుకున్నారు. కోసి అతికించిన కూలి నా చేతి నుంచే పోయింది.

ఇక ఈ పాఠానికి తీసుకున్న గది. అనంతపురం పాత కాలనీలో ఒక రిటైర్డ్ టీచరు గారి ఇంటి కింది భాగం. చెప్పడానికి 12 × 20. లోపల 10 అడుగుల 6 అంగుళాలు, 18 అడుగుల 6 అంగుళాలు. గుమ్మం ఉత్తరానికి. పొడవు గోడల్లో తూర్పుది పక్కింటితో కలిసి ఉంది, పడమటిది ఖాళీ స్థలం వైపు. సారు కోరికలు మాత్రం గది కంటే పెద్దవి. ముందర ఒక జిరాక్స్ మిషను, పెన్నులూ నోటుబుక్కులూ అమ్మే చిన్న కౌంటరు. పొద్దున డీఎస్సీకి చదువుకునే పిల్లలు కూర్చోవాలి. మధ్యాహ్నం ఇంటి నుంచి పనిచేసే ఇద్దరు సాఫ్ట్‌వేర్ అబ్బాయిలు నెలకింతని ఇచ్చి వాడుకుంటారు. నెలకు రెండు సాయంత్రాలు వాళ్లావిడ పొదుపు సంఘం, పది మంది.

సారు అప్పటికే ఒక బొమ్మ గీసి ఉంచారు. రెండు పొడవు గోడలకూ బల్లలు ఆనించి, మధ్యలో దారి. కాగితం మీద చక్కగా ఉంది. లెక్క వేద్దాం. బల్ల వెడల్పు 2 అడుగులు. దాని ముందు కుర్చీ వెనక్కి జరిపి మనిషి లేవాలంటే ఇంకో రెండున్నర. అంటే ఒక్కో వైపు నాలుగున్నర, రెండు వైపులా తొమ్మిది. దారికి మిగిలింది అడుగున్నర. ఒక మనిషి ఎవరికీ తగలకుండా నడవాలంటే మూడడుగులు కావాలి, ఇద్దరు ఎదురెదురుగా తప్పుకోవాలంటే నాలుగు. చక్రాల కుర్చీకి నేరుగా పోవడానికి మూడడుగులు చాలు గానీ, వెనక్కి తిరగాలంటే అయిదడుగుల చోటు ఉండాలి. అడుగున్నరలో బక్కపల్చటి పిల్లవాడు కూడా పక్కకు తిరిగి జరుగుతూ పోవాల్సిందే.

ఈ అంకెలు కంఠస్థం చేయకండి. చేసినా రేపటికి మరిచిపోతారు. ఒంటికి తెలిసిన కొలత మరిచిపోరు. అందుకే ఈ పాఠం కాగితం మీద కాదు, మిద్దె మీద.

ఇల్లు కట్టేముందు మేస్త్రీ పునాదికి ముగ్గు పోస్తాడు కదా, అదే పని మనం లోపలి సామానుకు చేస్తాం. టేపు, పురికొస, కిలో ముగ్గు పిండి. మిద్దె మీదో వాకిట్లోనో మీ గదిని అసలు సైజులో పోయండి. గోడలు, తలుపు, తలుపు తిరిగే వంపు, తర్వాత బల్లలు, అరలు. తెల్లవారుజామునే మొదలుపెట్టండి. ఆషాఢంలో మన గాలి సంగతి తెలిసిందే, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. గాలి ఎక్కువగా ఉంటే ఇటుక ముక్కతో గీసుకోండి, కానీ ముగ్గు అయితేనే మేలు. ఎందుకో చెప్తాను.

సారు గీసిన బొమ్మనే మిద్దె మీద పోశాం. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి ముగ్గు గీతల దగ్గర వేశాం. చదువుకునే పిల్లలు నలుగురు వచ్చి కూర్చున్నారు. సారు ఇంట్లోని అమ్మాయి టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని మధ్యలోంచి నడిచింది. మూడో కుర్చీ దగ్గరే ఆగిపోయింది. "యాడ పోవల్ల సార్, దావ లేదు కదా" అంది నవ్వుతూ. అయినా పంపాం, రమ్మన్నాం, కూర్చోమన్నాం, లేవమన్నాం. ఓ అరగంట అయ్యాక అందర్నీ పక్కకు రమ్మని కింద చూశాను. కుర్చీల ముందున్న బల్లల గీతలన్నీ చెదిరిపోయి, తెల్లటి పాదాల జాడ ఒకటి గుమ్మం నుంచి వంకరగా లోపలికి పోయింది. ఎవరూ వాడని మూల మాత్రం పోసింది పోసినట్టే ఉంది.

ముగ్గు చెదిరిన చోటే దారి. మనం గీసినదాన్ని కాళ్లు ఒప్పుకోలేదంటే గీత మార్చాలి, కాళ్లను కాదు.

అప్పుడే మెట్లెక్కి వచ్చిన సారు వాళ్లమ్మ, ఎనభై దాటిన అవ్వ, పడమటి వైపు వేసిన కుర్చీలు చూసి ఒక మాట అంది. "పడమటి గోడకాడ ఎవురు కూసుంటారు నాయనా? పొద్దుగూకినా సెగ కక్కుతానే ఉంటాది." అక్షరాలా నిజం. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ మధ్యాహ్నం ఎండంతా తాగి, కొన్ని గంటల తర్వాత లోపలికి వదులుతుంది. పొదుపు సంఘం కూర్చునే సమయానికి సరిగ్గా ఆ వేడి వీపుకు తగులుతుంది. ఈ ఒక్క మాటతో మా బొమ్మ తిరగబడింది.

రెండోసారి పోసిన ముగ్గు ఇది. తూర్పు గోడ వెంబడి అరుగు. పాత మిద్దె ఇళ్ల ముందు ఉండేదే, లోపలికి తెచ్చాం. అరుగుకు ఒక సుగుణం ఉంది, కుర్చీలా వెనక్కి జరగాల్సిన పని లేదు. కాబట్టి అడుగున్నరతో సరిపోతుంది. దాని ముందు రెండున్నర అడుగుల వెడల్పున్న బల్లలు రెండు, ఒక్కోటి అయిదడుగుల పొడవు. ఎదుటి వైపు కుర్చీలకు రెండున్నర. ఆ వెనక దారికి మూడు. ఎంతైంది? తొమ్మిదిన్నర. మిగిలిన అడుగు పడమటి గోడకు పుస్తకాల అరలు. కాగితం పుస్తకాల వరస ఆ గోడ వేడిని కొంత ఆపుతుంది కూడా. అరలకూ గోడకూ మధ్య అంగుళం సందు వదిలేయండి, చెద పట్టిందీ లేనిదీ టార్చి వేసి చూసుకోవచ్చు. ఇంకో లాభం మేం అనుకోకుండా వచ్చింది. సాఫ్ట్‌వేర్ అబ్బాయిలు కుర్చీల్లో కూర్చుంటే వీడియో కాల్‌లో వాళ్ల వెనక పుస్తకాల వరస కనబడుతుంది. మేనేజరుకు వాళ్ల మీద ఎంత గౌరవం పెరిగిందో నాకు తెలియదు.

అరుగు కొలతల దగ్గర కాసేపు ఆగుదాం, ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. కూర్చునే ఎత్తు నేల నుంచి 17 అంగుళాలు. బల్ల ఎత్తు 29. ఈ రెంటి మధ్య తేడా 12 ఉంటే మోచేయి హాయిగా ఆనుతుంది. మీరు అరుగు మీద రెండంగుళాల దిండు వేసేట్టయితే కట్టడం 15 దగ్గరే ఆపేయండి. ఇది ముందే చెప్పకపోతే మేస్త్రీ 18 కట్టేస్తాడు, పైన దిండు పడితే పెద్దవాళ్ల కాళ్లు గాల్లో వేలాడతాయి. పైన తాడిపత్రి బండ పరిస్తే సరి, మనకు దగ్గర, వేసవిలో చల్లన. కింద మూడడుగులకో ఇటుక దిమ్మె కట్టించి, రెండు బండలు కలిసే అతుకు దిమ్మె మీదే పడేట్టు చూసుకోండి. అతుకు మధ్యలో పడితే ఏదో ఒకరోజు చీలుతుంది. ముందు అంచును గుండ్రంగా రుద్దించండి, పదును అంచు తొడల కింద కోస్తుంది. వీపు తగిలే గోడకు అరుగు మీద నుంచి అడుగున్నర ఎత్తు దాకా చెక్కో చాపో కొట్టించండి. లేకపోతే సున్నమంతా సంఘం ఆడవాళ్ల చీరలకు అంటుతుంది. మరుసటి నెల ఎవరూ ఆ వైపు కూర్చోరు.

ఇక మాటలు కలిసే సంగతి. 1950ల చివర్లో కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో ఒక ఆసుపత్రిలో వృద్ధ మహిళల వార్డును బాగుచేశారు. రంగులు వేశారు, కొత్త కుర్చీలు తెచ్చారు. అయినా వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. రాబర్ట్ సొమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గమనిస్తే, కుర్చీలన్నీ గోడల వెంబడి వరసగా ఉన్నాయి. చిన్న చతురస్రపు బల్లలు వేసి వాటి చుట్టూ కుర్చీలు పెట్టించారు. మొదట్లో వాళ్లు ఇష్టపడలేదు. కొన్ని వారాలకు మాటలు దాదాపు రెట్టింపయ్యాయి. పక్కపక్కన, ఎదురెదురుగా కూర్చున్నవాళ్ల కంటే బల్ల మూలకు అటూ ఇటూ కూర్చున్నవాళ్లే ఎక్కువ మాట్లాడుకుంటారని కూడా ఆయన చూశారు.

మన ఊళ్లో కల్యాణమండపాలు గుర్తు తెచ్చుకోండి. గోడ వెంబడి కుర్చీల వరస, అందులో చుట్టాలంతా ఫోన్లు చూసుకుంటూ. చుట్టాలకు ప్రేమ తక్కువై కాదు, మెడ తిప్పి మాట్లాడటం కష్టమై.

అందుకే సారు గదిలో అరుగును తూర్పు గోడతో ఆపకుండా వెనక గోడ వైపు నాలుగడుగులు మలిపాం. ఆ మూలలో బల్ల లేదు. అరుగు మీద ఏడుగురు, ఎదురుగా నాలుగు కుర్చీలు, పది మంది సంఘం సరిపోయింది. ముగ్గులోనే కూర్చోబెట్టి చూశాం. లెక్కల పుస్తకం పట్టుకున్న ఆవిడ అడక్కుండానే వెళ్లి మూలలో కూర్చుంది.

ముందర కౌంటరుకు అయిదడుగులు వదిలాం. నిలబడి రాసుకునే ఎత్తు మూడున్నర అడుగులు. జిరాక్స్ కోసం వచ్చినవాడు గుమ్మం దగ్గరే పని ముగించుకుని పోవాలి, చదువుకునేవాళ్ల వీపుల వెనక వరస కట్టకూడదు. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు, చిన్న దుకాణాల పాఠం వేరే ఉంది.

మీ ఇంటిపని. మీ గదికి ముగ్గు పోయండి. ఇంట్లో ఉన్న కుర్చీలు, పీటలు, మంచం వేయండి. అచ్చం ఆ గదిలో చేసే పనే అరగంట చేయండి, అదీ రెండు వేళల్లో, ఒకటి పొద్దున, ఒకటి ఎండ వాలాక. ఒక ముసలివాళ్లనీ ఒక చిన్నపిల్లవాడినీ తప్పకుండా పిలవండి. అయిపోయాక పై నుంచి ఫోనుతో ఫొటో తీసుకుని, చెదిరిన చోట్లను మీ కాగితం మీద ఎర్ర పెన్సిలుతో నింపండి.

ముగ్గును మాత్రం అప్పుడే ఊడ్చేయకండి. వచ్చే పాఠం వెలుతురు గురించి. పాత మిద్దెల్లో వెలుతురు కోసం పైకప్పుకు వదిలే కంత, అదే గవాచి, దగ్గర మొదలుపెట్టి, ఏ లైటు ఎక్కడ, ఏ స్విచ్ ఏ ఎత్తులో అన్నది ఆ గీతల మీద నిలబడే తేల్చుకుంటాం.