డేకేర్‌కి పంపే ముందు సీసా అలవాటు

రొమ్ము తప్ప సీసా ముట్టని బిడ్డను ఇంకొకరి ఇంట్లో వదిలి వెళ్లాలంటే ఏ తల్లికైనా టెన్షనే. మా విషయంలో బాగా పనికొచ్చింది, రెండు మూడు వారాల ముందు నుంచే సీసా అలవాటు చేయడం. అదీ అమ్మ చేత్తో కాదు. అమ్మ వాసన తగిలితే కొందరు పిల్లలు సీసా వైపు చూడను కూడా చూడరు. నాన్నో అమ్మమ్మో పట్టాలి. మీరు పక్క గదిలో చెవులు రిక్కించి కూర్చోకుండా కాసేపు బయటికే వెళ్లిపోండి.

గుక్కపట్టి ఏడ్చేదాకా ఆగకండి. బిడ్డను కాస్త నిటారుగా కూర్చోబెట్టి, సీసాను అడ్డంగా పట్టి, మధ్యమధ్యలో ఆపుతూ తాగించాలి. పాలు నెమ్మదిగా వచ్చే పీక వాడండి. చూసుకునే ఆవిడకు ఇదంతా చేసి చూపించండి, నోటిమాట సరిపోదు. సీసా ఖాళీ చేయించాలనే తాపత్రయం అందరికీ ఉంటుంది మరి!

పిండిన పాలు 60 నుంచి 90 మి.లీ. చొప్పున, తేదీ రాసి పంపితే వృథా తగ్గుతుంది. తాజా పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి. తాగగా మిగిలినవి 2 గంటలు దాటితే పారబోయాల్సిందే, ప్రాణం ఉసూరుమన్నా సరే. మైక్రోవేవ్ వద్దు, గోరువెచ్చని నీళ్లలో సీసా పెడితే చాలు.

పగలు తక్కువ తాగి, రాత్రి మీ దగ్గర తనివితీరా తాగే పిల్లలూ ఉంటారు. బరువు పెరుగుతూ, డైపర్లు మామూలుగా తడుస్తుంటే కంగారు పడక్కర్లేదు.