అణా లెక్క తెలిస్తే చాలు, అమెరికా చిల్లర నోట్లు పోగెయ్యొచ్చు

మా బరంపురంలో చిల్లర లేకపోతే కిరాణా కొట్టువాడు చేతిలో చాక్లెట్ పెట్టి పంపేస్తాడు కదా, 1837లో అమెరికాలో ఆ పని కాగితంతో చేశారు. ఆ ఏడాది మే 10న న్యూయార్క్ బ్యాంకులు నోటుకి బదులు వెండి, బంగారం ఇవ్వడం ఆపేశాయి, జనం నాణేలు దాచేసుకున్నారు, ఇక కొట్లవాళ్లు, కాలువ కంపెనీలు, రైలు కంపెనీలు, మునిసిపాలిటీలు ఎవరికి వాళ్లే చిల్లర నోట్లు అచ్చేసుకున్నారు. వెటకారంగా వాటిని షిన్‌ప్లాస్టర్ (కాలి పుండు మీద అంటించే కాగితం పట్టీ) అనేవారు.

ముందు విలువ చూడండి. 6¼ సెంట్లు, 12½, 25, 50. ఈ పావులూ అరలూ ఏంటని టెన్షన్ వద్దు, అక్కడ అప్పట్లో స్పానిష్ వెండి కూడా చెల్లేది (1857 దాకా చట్టబద్ధంగానే), ఎనిమిది రియాళ్లు ఒక డాలరు, అందులో ఒకటి 12½. మా తాతయ్యకి 6¼ నోటు ఫోటో చూపిస్తే కళ్లజోడు కూడా పెట్టుకోకుండా "అణా కాగితం" అనేశారు: రూపాయిలో పదహారో వంతు అణా, డాలరులో పదహారో వంతు 6¼ సెంట్లు.

తర్వాత సిరా. చాలావాటికి అచ్చు ఒకవైపే ఉంటుంది. నంబరు, తేదీ, సంతకం చేత్తో రాసినవి. సంతకం లేకపోతే అచ్చయ్యి బయటికి రానిదని అర్థం, శుభ్రంగా ఉంటుంది, సాధారణంగా చవక. నాకు మాత్రం మడతలు పడి, సిరా గోధుమరంగుకి తిరిగినవే ఇష్టం. చదవండి కూడా: ఐదు డాలర్ల విలువ పోగేసి తెస్తేనే బ్యాంకు నోటు ఇస్తాం అని చాలావాటి మీద ఉంటుంది. బేడ నోటు (రెండణాలు, అంటే 12½ సెంట్లది) ఒక్కటే ఉన్న కూలివాడి గతేంటో!

తేదీ 1862 అయితే అది అమెరికా అంతర్యుద్ధం నాటిది, అమ్మేవాళ్లు 1837 నాటివీ ఇవీ కలిపేస్తారు. ఆ ఏడాది జులై 17 చట్టం డాలరు లోపు ప్రైవేటు నోట్లని నిషేధించింది.

పట్టుకుంటే కరకరలాడే పసుపు కాగితమైతే నకలని అనుమానించండి. 8894 నంబరున్న వెయ్యి డాలర్ల నోటు చిల్లర నోట్ల కట్టలో కలిసి వస్తే మురిసిపోకండి, అందరి దగ్గరా ఉన్న నకలే అది. కొనేముందు వెనకవైపు ఫోటో, వెలుతురుకి ఎత్తి పట్టిన ఫోటో అడగండి.

దాచడానికి మైలార్ (పాలియెస్టర్ ఫిల్మ్) కవర్లే వాడండి. మామూలు ప్లాస్టిక్ ఆల్బమ్‌లో పెట్టిన నా మొదటి నోటు, గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికీ ఒక వానాకాలానికీ కవరుకి అతుక్కుపోయింది, లాగితే సంతకంలో సగం ప్లాస్టిక్ మీదే ఉండిపోయింది. లామినేషన్ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు, చిరిగింది చిరిగినట్టే ఉంచండి.