జట్టు చీలాక కథ చప్పబడిందా?

సమస్య: చంద్రగిరి కోట కింద అయిదుగురు చెలికాళ్లు విడిపోయేదాకా మీ జానపద నవల బాగానే నడిచింది. ఇద్దరు తలకోన అడవి పట్టారు, ముగ్గురు స్వర్ణముఖి వెంబడి శ్రీకాళహస్తి వైపు పోయారు. అక్కణ్ణుంచి చదువరి పేజీలు దాటేస్తున్నాడు.

మొట్టమొదట చూడాల్సింది, ఎంత చెప్పినా ఎవరూ చూడనిది: నవ్వించేవాడు ఎటు పోయాడు? చీలికకు ముందు మూడు అధ్యాయాలు తీయండి. ప్రతి ఎకసెక్కం పక్కన అన్నదెవరో, ఉడుక్కున్నదెవరో రాయండి. అన్నవాడు అడవిలో, ఉడుక్కునేవాడు ఏటిగట్టున ఉంటే రెండు వైపులా నవ్వు పోయినట్టే. వాడి నోట ఎన్ని కొత్త చతుర్లు పెట్టినా లాభం లేదు. పక్కనున్నవాడితో కొత్త పేచీ పెట్టండి. సంగటిముద్ద పంచుకునేకాడ తగవైనా చాలు.

అది సరిగ్గానే ఉండి, ఏడుపు ఘట్టం మాత్రం పండలేదంటే అసలు దొంగ వేరే. చదువరికి సంగతి ముందే తెలిసిపోయింది. పదో అధ్యాయంలో అన్న జలపాతంలో పడి, బతికి, తేనె పట్టేవాళ్ల గుడిసెలో గంజి తాగుతుంటాడు. పదకొండులో తమ్ముడు అన్న పోయాడని గుండెలు బాదుకుంటాడు. చదువరి 'అయ్యో, వీడికి తెలీదే' అనుకుంటాడు గానీ వాడితో కలిసి ఏడవడు. రచయితేమో వర్ణన చాల్లేదనుకుని ఇంకో పేజీ కన్నీళ్లు పోస్తాడు. పోసేకొద్దీ చెడుతుంది.

పరిష్కారం: ప్రతి అధ్యాయానికీ రెండు గడులు గీయండి. ఒకదాంట్లో పాత్రకు తెలిసింది, రెండోదాంట్లో చదువరికి తెలిసింది. రెండో గడి ముందుకు పోయిన చోట శోకం ఆశించొద్దు. ఏడుపును ముందే పెట్టి, గుడిసెను కనీసం రెండు అధ్యాయాల తర్వాతికి నెట్టండి. వరస మార్చడం కుదరదంటే రసం మార్చండి: అన్న పోయాడన్న నమ్మకంతో తమ్ముడు, అన్న దాచమన్న తాళంచెవిని శత్రువుకు అప్పగించాలి. అప్పుడు మనకు తెలిసిందే మనల్ని భయపెడుతుంది. విరాటపర్వంలో సైరంధ్రి జోలికి పోయేటప్పుడు వంటశాలలో వలలుడు భీముడేనని కీచకుడికి తెలీదు, మనకు తెలుసు. ఆ ఘట్టం బిగువంతా అక్కడే ఉంది.

రెండు దారులకూ సమానంగా అధ్యాయాలు పంచే అలవాటు కూడా మానుకోండి. సీతను వెతకమని సుగ్రీవుడు నెల గడువిచ్చి నాలుగు దిక్కులకూ వానరుల్ని పంపాడు. తూర్పుకు పోయిన వినతుడు, పడమటికి పోయిన సుషేణుడు, ఉత్తరానికి పోయిన శతబలి ఉత్తచేతులతో తిరిగొచ్చిన సంగతి వాల్మీకి కొద్ది శ్లోకాల్లో తేల్చేశాడు. ఏమీ జరగని దారికి ఒక పేరా చాలు.

ఒకే రాత్రి అడవిలో పున్నమి, ఏటిగట్టున అమావాస్య పడ్డాయా? తిథులు సరిచేసుకోండి, అంతే. చీలినవాళ్లలో ఇద్దరి పేర్లు ఒకే అక్షరంతో మొదలైతే ఒకటి మార్చేయండి.