ఆయిల్ ఫిల్టర్ మార్చే ముందు... పాత రింగు ఎక్కడుందో చూశారా?

మొన్న మా వర్క్‌షాప్‌కి ఒక కారుని లారీ మీద ఎక్కించుకుని తెచ్చారు. బయట ఎక్కడో సర్వీసింగ్ చేయించి, అట్నుంచటే దూర ప్రయాణానికి బయల్దేరారట. దారిలో ఆయిల్ లైట్ వెలిగింది. తర్వాత కాసేపటికే ఇంజన్ ఆగిపోయింది. పానా వేసి తిప్పితే క్రాంక్ కదల్లేదు. సీజ్, అంటే ఇంజన్ లోపల పట్టేసింది. కారు కిందంతా ఆయిల్ చిమ్మి ఉంది, అదీ రంగు కూడా మారని కొత్త ఆయిల్. ఓనరుకి ఒకటే అనుమానం, ఫిల్టర్ డిఫెక్ట్ పీస్ అయ్యుంటుందని. విప్పి చూస్తే ఫిల్టర్‌లో ఏ లోపమూ లేదు. ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు ఒకటే ఉండాలి, ఇక్కడ మాత్రం రెండు కనిపించాయి. ఒకటి కొత్త ఫిల్టర్ గాడిలో ఉన్నది. రెండోది పాత ఫిల్టర్ తాలూకు రింగు. ఇంజన్‌కి అతుక్కుపోయి, ఒక పక్క నలిగి బయటికి తన్నుకొచ్చింది.

ఆయిల్ టైమ్‌కి మార్చాలి, సరైన గ్రేడ్ వాడాలి, ఇవన్నీ మీకు తెలిసినవే. వాటి జోలికి పోను. నాసిరకం ఫిల్టర్ల గురించి చెబుతాను, ఎందుకంటే అవి నిజంగానే ఉన్నాయి. అంతకన్నా ముఖ్యంగా ఆ పాత రింగు గురించి చెబుతాను. ఫిల్టర్ డిఫెక్ట్ అని మా దగ్గరికి వచ్చే కేసుల్లో ఈ గొడవే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

కొనేటప్పుడు

అట్టపెట్టె చూసి నమ్మకండి. ఫిల్టర్‌ని బయటికి తీసి తిరగేయండి. మధ్యలో మరలున్న పెద్ద రంధ్రం, దాని చుట్టూ చిన్న రంధ్రాలు ఉంటాయి. మురికి ఆయిల్ చిన్న రంధ్రాల్లోంచి లోపలికి వెళ్లి, కాగితం గుండా వడకట్టుకుని, మధ్య రంధ్రంలోంచి ఇంజన్‌లోకి వెళుతుంది.

చాలా ఫిల్టర్లలో చిన్న రంధ్రాల వెనక సన్నటి రబ్బరు పొర కనిపిస్తుంది. ఇంజన్ ఆగాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఆపే వాల్వ్ అదే. మొద్దుగా ఉన్న శుభ్రమైన పుల్లతో మెల్లగా నొక్కి వదిలితే వంగి మళ్లీ తన చోటికి రావాలి. అట్టలా బిరుసుగా ఉన్నా, నొక్కిన చోటే ఉండిపోయినా ఆ ఫిల్టర్ వద్దు.

టార్చ్ వేసి మధ్య గొట్టంలోకి చూడండి. గొట్టం గోడకి చిల్లులో, చీలికల్లా తెరిచిన సందులో ఉండాలి. తయారీలో ఆ సందులు సరిగా తెరుచుకోక సగం మూసుకుపోయిన ఫిల్టర్లు వస్తుంటాయి. కాగితం ఎంత మంచిదైనా ఆయిల్ బయటికొచ్చే దారే ఇరుకైతే ఏం లాభం? తర్వాత మరల మీద శుభ్రమైన గుడ్డ తిప్పండి. ఇనుప రజను అంటితే తిరిగి ఇచ్చేయండి. ఆ రజను ఉన్నది వడపోత దాటాక వచ్చే దారిలో. దాన్ని ఆపేదేదీ లేదు, నేరుగా బేరింగులకి పోతుంది.

నకిలీ ఫిల్టర్లలో మోసమంతా కంటికి కనపడని చోట ఉంటుంది. కాగితం మడతలు తక్కువ పెడతారు. మడతల రెండు కొసలు కలిసే చోట జిగురు సరిగా పట్టదు. బైపాస్ వాల్వ్ పెట్టనే పెట్టరు, పెట్టినా దాని స్ప్రింగ్‌లో బలం ఉండదు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ చిక్కగా ఉండి కాగితం గుండా తొందరగా పారదు. అప్పుడు బైపాస్ తెరుచుకుని ఇంజన్‌కి ఆయిల్ అందిస్తుంది. వడకట్టని ఆయిలే కావచ్చు, అసలు ఆయిల్ లేకపోవడం కన్నా నయం. కొన్ని ఇంజన్లకి ఈ వాల్వ్ ఇంజన్ బ్లాక్‌లోనే ఉంటుంది. ఫిల్టర్‌లో ఉండాల్సిన ఇంజన్‌కి అది లేని ఫిల్టర్ వేస్తే ఒత్తిడికి కాగితం చిరగొచ్చు, ఆయిల్ అందక ఇంజన్ అరగొచ్చు.

పార్ట్ నంబర్ చూసే కొనండి. "చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, సరిపోతుంది" అనే మాట వినకండి. 20 మిల్లీమీటర్ల మర ఉన్న ఫిల్టర్, ముప్పావు అంగుళం మర ఉన్న స్టడ్ (ఇంజన్‌కి ఉండే, ఫిల్టర్ ఎక్కే మరల గొట్టం) మీదకి ఎక్కుతుంది. తేడా మిల్లీమీటరుకి కాస్త అటూఇటూ అంతే. బిగిసినట్టే అనిపిస్తుంది కానీ మరల పట్టు ఉండదు. ప్రెషర్ పెరిగితే ఫిల్టర్ మొత్తం ఊడి పడొచ్చు.

సొట్ట పడ్డ డబ్బా వద్దు. ఊపితే లోపల గలగలమనేది వద్దు. పెట్టె మీద ఒక నంబరు, డబ్బా మీద ఇంకో నంబరు ఉంటే అసలే వద్దు.

విప్పేటప్పుడు

ఇక్కడ తొందరపడకండి. పాత ఫిల్టర్ చేతిలోకి రాగానే డ్రమ్ములో పడేయడం చాలామందికి అలవాటు. పడేయకండి. తిరగేసి చూడండి, రింగు దాని గాడిలో ఉందా? ఉంటే సరే. లేకపోతే అది ఇంజన్‌కే ఉంది. కింద ఊడిపడి కనిపిస్తే తప్ప మూడో చోటు లేదు.

ఎందుకు అతుక్కుంటుందంటే, నెలల తరబడి వేడికి రబ్బరు బిరుసెక్కుతుంది. కిందటిసారి రింగుకి ఆయిల్ రాయకుండా బిగించినా, పానాతో అవసరానికి మించి బిగించినా ఇంకా గట్టిగా పట్టేస్తుంది. పైగా రింగు నలుపు, ఫిల్టర్ ఆనుకునే ఇంజన్ ముఖం మీద మడ్డీ నలుపు. కింద పడుకుని చూస్తే కళ్లు మోసపోతాయి. అందుకే ముందు గుడ్డతో తుడవండి, తర్వాత టార్చ్ వేయండి, ఆఖరికి వేలు పెట్టి చుట్టూ తడమండి. లోహం నున్నగా గట్టిగా తగలాలి. ఎక్కడైనా మెత్తగానో ఎత్తుగానో తగిలితే ఆగండి. అతుక్కున్నదాన్ని ప్లాస్టిక్ ముక్కతో గీకండి, స్క్రూడ్రైవర్‌తో వద్దు. ముఖం మీద గీత పడితే అక్కడినుంచి లీక్ మొదలవుతుంది.

రెండు రింగులున్నా చాలాసార్లు మొదట లీక్ కనపడదు, ఈ మోసమంతా అక్కడే ఉంది. ఐడ్లింగ్‌లో ప్రెషర్ తక్కువ, ఒకదాని మీద ఒకటి నొక్కుకుని నిలబడతాయి. మెకానిక్ కిందికి వంగి చూసి "చుక్క లేదు" అంటాడు. ఆ మాట అబద్ధమేం కాదు. రోడ్డెక్కి ఆర్‌పీఎం పెరిగాక, గాడిలో లేని రింగుని ఆయిల్ పక్కకి తోసేస్తుంది. ఆ తర్వాత ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ ఖాళీ కావడానికి పెద్దగా టైమ్ పట్టదు. ఇంజన్‌కి పంపాల్సిన ఆయిల్నే పంపు రోడ్డు మీదకి పంపుతుంటుంది.

బిగించేటప్పుడు

కొత్త రింగుకి వేలితో కొత్త ఆయిల్ రాయండి. ఫిల్టర్‌ని చేత్తోనే తిప్పండి. రింగు ఇంజన్‌ని తాకాక సాధారణంగా ముప్పావు నుంచి ఒక చుట్టు. ఫిల్టర్ మీదో పెట్టె మీదో ఇంకోలా రాసి ఉంటే దాని ప్రకారమే. పానా విప్పడానికి మాత్రమే. ఇప్పుడు పానా వేసి బిగిస్తే వచ్చేసారి రింగు ఇంజన్‌కి అతుక్కునేలా ఇప్పుడే చేస్తున్నట్టు.

డబ్బా కాకుండా లోపలి కాగితపు కార్ట్రిడ్జ్ మాత్రమే మార్చే రకమైతే మూత తాలూకు ఓ-రింగు కూడా మార్చాలి. కొత్తది పాత రింగున్న గాడిలోనే కూర్చోవాలి, పక్క గాడిలో కాదు. చాలా మూతల మీదే ఎన్ని న్యూటన్ మీటర్లు బిగించాలో రాసి ఉంటుంది. లోపల మధ్యలో ప్లాస్టిక్ గొట్టం ఉన్న రకమైతే దాన్ని పాత కాగితంతో పాటు పారేయకండి.

బైక్ ఫిల్టర్‌కి "అవుట్ సైడ్" అని రాసి ఉంటే ఆ వైపు బయటికే ఉండాలి. తిరగేసి పెడితే ఆయిల్ దారి మూసుకుపోతుంది.

ఇక మిగిలినవి. కారు మీ సొంతమైనా, మీరు ఇంకొకరికి చేసిపెడుతున్నా ఇవి ఒకటే:

- కొత్త ఫిల్టర్ చేతిలోకి తీసుకునే ముందు పాత రింగు చూడండి. మీ కళ్లతో, మీ వేలితో.

- వేరేవాళ్ల చేత చేయిస్తుంటే "పాత రింగు చూపించండి" అని అడగండి. మొహమాటపడకండి. మంచి మెకానిక్ ఆ మాటకి ఏమీ అనుకోడు.

- స్టార్ట్ చేయగానే రైజ్ చేయొద్దు. ఆయిల్ లైట్ కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపేయండి.

- ఆరాక కొన్ని నిమిషాలు నడవనిచ్చి కిందికి చూడండి. కొద్ది దూరం తిప్పి తెచ్చి మళ్లీ చూడండి. లాంగ్ డ్రైవ్‌కి బయల్దేరే రోజు పొద్దున ఆయిల్ మార్చే పని పెట్టుకోవద్దు.

- రింగుకి గమ్ వద్దు, టేపు వద్దు, గ్రీజు వద్దు. ఆయిల్ ఒక్కటే.

- ఫిల్టర్ దగ్గర చుక్కలు పడుతుంటే ఇంకో చుట్టు బిగించి సరిపెట్టొద్దు. విప్పండి. రింగులు లెక్కపెట్టండి.

- డబ్బా అతుకు దగ్గర తడి ఉంటే అది తయారీ లోపం కావచ్చు. ఆ ఫిల్టర్‌తో ఒక్క కిలోమీటరు కూడా వద్దు.

- కొత్త ఫిల్టర్ వేసినప్పటి నుంచి రోజూ పొద్దున స్టార్టింగ్‌లో కాసేపు కటకటమంటోందా? లోపలి వాల్వ్ ఆయిల్‌ని ఆపట్లేదేమో చూడండి. అలవాటైపోతుందిలే అని వదిలేయొద్దు.

- డిఫెక్ట్ అనిపిస్తే విప్పకముందే ఫొటో తీయండి. ఫిల్టర్, పెట్టె, బిల్లు మీ దగ్గరే పెట్టుకోండి. షాపువాళ్లు "మేం చూసుకుంటాం, ఇచ్చెళ్లండి" అంటే ఇవ్వకండి.

- కోసి చూడాలంటే ఫిల్టర్ కట్టర్‌తోనే కోయండి. యాక్సా బ్లేడుతో కోస్తే రాలిన రజను ఇంజన్‌ది ఏదో, డబ్బాది ఏదో తేలదు. కాగితం పరిచి అయస్కాంతం ఆడించండి. అంటితే ఇనుము. అంటకుండా మెరిసేది ఉంటే బేరింగుల మీద అనుమానపడాలి.

- ఆయిల్ లైట్ చెప్పేది ప్రెషర్ గురించి. "లెవెల్ కాస్త తగ్గిందేమో, ముందు బంకులో పోయిద్దాం" అనుకుంటే బంకు వచ్చేలోపే ఇంజన్ పోతుంది. పక్కకి తీసి, ఆఫ్ చేయండి.

- అలా ఆగిన బండికి ఆయిల్ పోసి, ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం అనొద్దు. సెల్ఫ్ కొట్టొద్దు. కట్టి లాగించుకురండి. ముందు ఫిల్టర్ విప్పించి, రింగులు ఎన్నున్నాయో మీ ఎదురుగానే చూడమనండి.