పిల్లలు చూడకపోతే పోషణ ఖర్చు కోసం ఆర్డీవోకు అర్జీ పెట్టుకునే విధానం

కన్నబిడ్డల మీద అర్జీ పెట్టాలంటే ఏ తల్లికైనా చేయి ఆడదు. కానీ అడుగుతున్నది తిండికి, బట్టకు, నీడకు, మందులకు అయ్యే ఖర్చే. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోనే దాన్ని హక్కు చేసింది. మొహమాటపడి పస్తులుండకండి.

సొంత సంపాదనతో, ఆస్తితో బతుకు గడవని తల్లిదండ్రులు ఏ వయసులో ఉన్నా అడగొచ్చు. పెంచిన తల్లిదండ్రులకు కూడా, దత్తత తీసుకుని ఉంటే, ఈ హక్కు ఉంది. సంతానం లేనివాళ్లు 60 ఏళ్లు నిండితే, తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువు మీద పెట్టొచ్చు.

అర్జీ ఇవ్వాల్సింది ఆర్డీవో లేదా సబ్ కలెక్టర్ ఆఫీసులోని ట్రిబ్యునల్‌కు, అంటే ఇలాంటి అర్జీలు విచారించి తేల్చే అధికార సంస్థకు. కొడుకు హైదరాబాద్‌లో ఉన్నా, పాలకొండలో ఉండే తల్లి పాలకొండలోనే ఇవ్వొచ్చు. బిడ్డలు విదేశాల్లో ఉన్నా పెట్టొచ్చు. కదల్లేని స్థితిలో ఉంటే మీరు ఒప్పుకున్న మనిషి గానీ సంస్థ గానీ మీ తరఫున ఇవ్వొచ్చు. లాయరును పెట్టుకోవాల్సిన పని లేదు.

అర్జీలో ఏం రాయాలన్నదే అసలు విషయం. మా వీధిలో ఒక పెద్దావిడకు నేను అర్జీ రాసిపెట్టాను. మొదటి రెండు పేజీలూ కోడలి మాటలే చెప్పింది. తర్వాత పసుపు సంచిలోంచి మందుల చీటీలు తీసింది, నెలవారీగా రబ్బరు బ్యాండు వేసి మరీ దాచుకుంది. ఆ కట్టల్లోంచే అర్జీ తయారైంది: బీపీ మాత్రలకు ఇంత, బియ్యానికి ఇంత, గది అద్దెకు ఇంత, పింఛను పోను తగ్గేది ఇంత. మీరూ అలా లెక్క కట్టండి. పిల్లల చిరునామాలు, ఫోన్ నంబర్లు, ఉద్యోగం, ఆస్తి వివరాలు తెలిసినంతవరకు రాయండి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, మందుల చీటీల జిరాక్సులు జతచేయండి. అర్జీ ముట్టినట్టు ముద్ర వేయించుకున్న కాపీ తప్పక దగ్గర ఉంచుకోండి.

ఒక్క బిడ్డ మీదే పెట్టినా, మిగతావాళ్లనూ చేర్చమని ఆ బిడ్డ అడగొచ్చు. మొదట ట్రిబ్యునల్ మిమ్మల్ని రాజీకి పంపొచ్చు. పిల్లలకు నోటీసు అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్ తేల్చాలి, ప్రత్యేక కారణాలుంటే ఇంకో 30 రోజులు. అప్పటిదాకా గడిచేదెలా అన్న టెన్షన్ ఉంటే మధ్యంతర పోషణ ఖర్చు ఇప్పించమని అడగండి. చట్టంలో గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు. నగరంలో మంచాన పడ్డ మనిషికి ఆయాను పెట్టాలంటే అది చాలదు, పెంచి తీరాలి.

ఆర్డరు వచ్చాక కూడా డబ్బు ఇవ్వకపోతే, ఇవ్వాల్సిన తేదీ నుంచి మూడు నెలల్లోపే మళ్లీ ట్రిబ్యునల్‌కు రాయండి. ఈ గడువు దాటనివ్వకండి. వారంటు, నెల వరకు జైలు దాకా వెళ్తుంది. తీర్పు మీకు నచ్చకపోతే 60 రోజుల్లో కలెక్టర్ స్థాయి ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

చూసుకుంటామన్న షరతు మీద ఇల్లు, పొలం రాసిచ్చాక వదిలేస్తే, ఆ గిఫ్ట్ డీడ్ రద్దు చేయమనీ ఇక్కడే అడగొచ్చు. ఇకముందు రాసిచ్చేవాళ్లు ఆ షరతును నోటిమాటగా వదలకుండా దస్తావేజులోనే రాయించండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే 14567కు ఫోన్ చేయండి, వయోవృద్ధుల హెల్ప్‌లైన్ అది, కాల్ ఉచితం.