లగేజీ బెల్టు నమూనా, మూడవ పాఠం: మలుపులో వేగం తగ్గకుండా

విమానాశ్రయంలో సామాను మోసుకొచ్చే బెల్టుకు గత పాఠంలో కంప్యూటరు తెరమీద ఒక బాట గీసుకున్నాం: 400 పిక్సెళ్ల (పిక్సెల్ అంటే తెరమీది ఒక చుక్క) తిన్నని భాగాలు రెండు, 200 పిక్సెళ్లవి రెండు, నాలుగు మూలల్లో నాలుగు వంపులు. దానిమీద పెట్టెను నడిపి చూసినవారికి ఒక లోపం కనిపించే ఉంటుంది. తిన్నని దారిలో సాఫీగా సాగిన పెట్టె మలుపు మధ్యకు చేరేసరికి మందగించి, ఆ తర్వాత మళ్లీ పుంజుకుంటుంది. అసలు బెల్టులో ఇలా జరగడానికి వీల్లేదు. బెల్టులోని పలకలన్నీ ఒకదానికొకటి లంకె వేసి ఉంటాయి కనుక ఒకటి నెమ్మదిస్తే వెనకది వచ్చి దాన్ని గుద్దుకోవాలి.

లోపం వంపును నడిపిన తీరులో ఉంది. మన వంపులో టి అనే సంఖ్య 0 నుంచి 1 దాకా పెరుగుతుంది; అడ్డం దూరం 100 × (2టి − టి²), కిందికి దూరం 100 × టి². కాలంతోపాటు టి సమానంగా పెరిగితే పెట్టె కూడా సమానంగా కదులుతుందని అనుకోవడం సహజమే గాని, కాగితం మీద లెక్క వేస్తే ఆ ఊహ నిలవదు. టి 0 నుంచి 0.1 కు వెళ్లినప్పుడు పెట్టె (0, 0) నుంచి (19, 1) కి, అంటే 19.03 పిక్సెళ్లు కదులుతుంది. 0.4 నుంచి 0.5 కు వెళ్లినప్పుడు (64, 16) నుంచి (75, 25) కి, అంటే 14.21 పిక్సెళ్లే. వంపు నట్టనడుమ వేగం మొదటి వేగంలో 71 శాతానికి పడిపోతుంది. టి దూరం కాదు. ఈ పాఠంలో పట్టుకోవలసిన విషయమంతా ఇదే.

వంకర గీత పొడవు తెలియాలంటే దానివెంట దారం పరిచి, ఆ దారాన్ని సాగదీసి కొలుస్తాం. ఇక్కడ చేయబోయేదీ అదే పని. వంపును పది ముక్కలు చేసి, మొదటినుంచి ఒక్కొక్క బిందువు దాకా ఎంత దూరమో కూడుకుంటూ పట్టిక రాయండి: 0, 19.03, 36.29, 52.10, 66.87, 81.08... చివరికి 162.16 వస్తుంది. అసలు పొడవు 162.32, వంద ముక్కలు చేస్తే ఆ తేడా దాదాపు మాయమవుతుంది. ఇక పట్టికను తిరగేసి చదవాలి. పెట్టె వంపులో 60 పిక్సెళ్లు ప్రయాణించి ఉండాలనుకుందాం. 60 అనేది 52.10 కి, 66.87 కి మధ్య ఉంది, ఆ 14.77 ఎడంలో 7.90 దాటాం కనుక టి విలువ 0.3 కు మరో 0.0535 కలిపితే 0.3535. పెట్టెను ఉంచవలసిన చోటు అదే.

రెండో చిక్కు తిన్నని భాగాలూ వంపులూ కలిసే అతుకుల దగ్గర వస్తుంది. సెకనుకు 300 పిక్సెళ్ల వేగం, 60 ఫ్రేములు (తెరమీద ఒకదాని తర్వాత ఒకటి వచ్చే బొమ్మలు) అనుకుంటే ఫ్రేముకు 5 పిక్సెళ్లు. తిన్నని భాగం ఇంకా 3 పిక్సెళ్లే మిగిలిన చోట పెట్టెను అంచు దాకా తెచ్చి ఆపేస్తే మిగతా 2 పోతాయి. చుట్టుకు ఎనిమిది అతుకులు. నా మొదటి నమూనాలో పెట్టెల మధ్య ఎడం చుట్టుచుట్టుకూ మారిపోతుంటే, కారణం కోసం పట్టికలో రోజుల తరబడి వెతికాను. తప్పు ఈ పోయిన పిక్సెళ్లలో ఉంది. అందుకే ప్రతి పెట్టెకూ మొదటినుంచి నడిచిన మొత్తం దూరం ఒక్కటే దాచండి, అది ఏ భాగంలో పడుతుందో ప్రతి ఫ్రేములోనూ వెతకండి. చుట్టు పూర్తయినప్పుడు దూరాన్ని సున్నా చేయకుండా, బాట మొత్తం పొడవును దానిలోంచి తీసివేయండి.

మన బాట మొత్తం పొడవు 1849.29 పిక్సెళ్లు. 40 పిక్సెళ్లకొక పలక అమరిస్తే 46 పలకలు పట్టి, చివర 9 పిక్సెళ్లకు పైగా సందు మిగులుతుంది, ఎడాన్ని 40.20 చేస్తే ఆ సందు ఉండదు.

పలక మధ్యభాగం ఒకే వేగంతో సాగినా దాని అంచులు అలా సాగవు. 100 పిక్సెళ్ల వ్యాసార్ధంతో గుండ్రంగా తిరిగే మలుపులో 60 పిక్సెళ్ల వెడల్పున్న పలక బయటి అంచు 1.3 రెట్లు, లోపలి అంచు 0.7 రెట్లు వేగంతో కదులుతుంది. పలకలు నెలవంక ఆకారంలో ఒకదానిమీద ఒకటి జారుతూ ఉండడానికి కారణం ఇదే. వాటిని గీయడం వచ్చే పాఠంలో చూద్దాం.

అప్పటిలోగా రెండు పెట్టెలను 100 పిక్సెళ్ల ఎడంతో వదిలి, వంద చుట్లు తిరిగాక బాట వెంట వాటి ఎడం కొలవండి. అది 100 కాకపోతే ముందు అతుకులు చూడండి, పట్టిక తర్వాత.